సికిల్ సెల్‌కు అంగడి పొడి నుంచి జీన్ థెరపీ దాకా: ఏ మందు నిజంగా నొప్పి తగ్గించింది?

మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ, అహేరి, ఆలపల్లి, అటు రాజూరా, గోండ్‌పిప్రి వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగి నొప్పి తెచ్చే, పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న ఇంటికి మందులు చెప్పేవాళ్లకు కొదవ లేదు. వారం అంగడిలో పొట్లాల పొడి అమ్ముతారు. చెట్ల మందు ఇచ్చే వైదు ఇంటికే వస్తాడు. ఫోన్‌లో వీడియో చూపించి కొరియర్‌లో డబ్బా పంపేవాళ్లున్నారు. ఇవి కాక దవాఖానలో ఇచ్చే క్యాప్సూల్, 'అమెరికాలో కొత్తగా వచ్చింది' అని పేపర్లో చదివిన పేర్లు. వీటన్నిటినీ ఇక్కడ ఒకే గీటురాయి మీద చూశాం. మందు వేసుకున్నవాళ్లకూ వేసుకోనివాళ్లకూ మధ్య నొప్పి దాడుల్లో, దవాఖానలో చేరడంలో, చావుల్లో ఎంత తేడా వచ్చింది? హిమోగ్లోబిన్ ఎంత పెరిగిందన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ముందు ఒక చిక్కు తేల్చుకోవాలి. సికిల్ సెల్‌లో ఏ మందైనా పనిచేసినట్టే కనిపిస్తుంది. నొప్పి దాడి మొదలై, రెండు మూడు రోజుల్లో ముదిరి, సాధారణంగా వారం తిరిగేలోపు దానంతటదే దిగుతుంది. మనిషి మందు కోసం పరిగెత్తేది నొప్పి పతాక స్థాయిలో ఉన్నప్పుడే. ఆ రోజు పసరు తాగినా, తాయెత్తు కట్టినా, ఏమీ చేయకపోయినా నాలుగో రోజుకు తేలికపడుతుంది. కాకి వాలిందీ, తాటిపండు పడిందీ. ఏడాది లెక్కలోనూ ఇదే జరుగుతుంది: వానాకాలంలో, చలికాలంలో వరుసగా దాడులు వచ్చిన మనిషికి తర్వాతి నెలలు కొంత నెమ్మదిగా గడుస్తాయి. ఆ నెలల్లో వాడిన పొడికి పేరొస్తుంది. అందుకే 'మా తమ్ముడికి తగ్గింది' అన్న మాట ఎంత నిజాయితీగా చెప్పినా రుజువు కాదు. అలాంటి తమ్ముళ్లు వంద మందిని తీసుకుని, చీటీ వేసి సగం మందికి మందు, సగం మందికి అదే రంగు ఉత్త గోలి (ప్లాసిబో) ఇచ్చి, ఎవరికి ఏది అందిందో ఇచ్చేవాడికీ తెలియకుండా చూస్తేనే తేడా బయటపడుతుంది. ఇలాంటి పోలికనే ట్రయల్ అంటారు.

ఇదేదో పెద్ద పట్నాల్లోనే జరిగే పని అనుకోనక్కర్లేదు. నవజాత శిశువులకు ఇంటి దగ్గరే సంరక్షణ ఇస్తే చావులు తగ్గుతాయా అన్న ప్రశ్నకు జవాబు మన గడ్చిరోలి జిల్లా నుంచే వచ్చింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్‌ల 'సెర్చ్' సంస్థ 39 పల్లెల్లో ఆ సేవలిచ్చి, 47 పల్లెలను పోలిక కోసం పెట్టుకుంది. ఆ ఫలితం 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పోలికకు ఆ 47 పల్లెలు లేకపోతే, చావులు తగ్గింది సేవల వల్లా, కాలంతో పాటు మామూలుగానే తగ్గాయా అని ఎవరూ తేల్చగలిగేవారు కాదు. పొడి అమ్మేవాణ్ని అడగాల్సింది కూడా ఇదే: నీ 47 పల్లెలు ఏవి?

ఇక సరుకు దగ్గరికి వద్దాం.

అంగడి పొడి, డబ్బా మందు

పొట్లం విప్పితే ఇటుక రంగు పొడి, కొన్నిసార్లు నల్లటి బూడిద. పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, గడువు తేదీ లేదు. పొద్దున, మాపున అర చెంచా తేనెతో. పథ్యం వంకాయ, చేప, పుల్లటివి. కొరియర్ డబ్బా కాస్త నయం. దాని మీద మూలికల పేర్లు, తయారీ లైసెన్సు నంబర్ ఉంటాయి. అయితే ఆ నంబరును చూసి మోసపోకూడదు. ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న యోగానికి తయారీ లైసెన్సు ఇవ్వాలంటే అది జబ్బు తగ్గిస్తుందని ట్రయల్ చూపించమని చట్టం అడగదు. తయారు చేసుకోవడానికి అనుమతి ఉందన్నంత వరకే దాని అర్థం.

ఇందులో మూడు ప్రమాదాలున్నాయి.

మొదటిది ఇనుము. 'రక్తం పట్టే మందు' అని ఇచ్చేవాటిలో లోహ భస్మం, మండూర భస్మం ఉంటాయి. రెండూ ఇనుమే. సికిల్ సెల్‌లో రక్తం తక్కువగా ఉండేది ఇనుము చాలక కాదు, ఎర్రకణాలు త్వరగా పగిలిపోవడం వల్ల. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే సికిల్ కణం 10 నుంచి 20 రోజుల్లోనే పోతుంది. పగిలిన కణంలోని ఇనుము ఒంట్లోనే మిగులుతుంది. పదే పదే రక్తం ఎక్కించుకున్నవాళ్లకు అది కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. అలాంటివాళ్లకు ఇనుము పొడి ఇవ్వడమంటే ఉన్న బరువు మీద ఇంకో బరువు వేయడమే. ఫెరిటిన్ పరీక్షలో ఇనుము తక్కువని తేలితే తప్ప ఏ ఐరన్ టానిక్కూ వద్దు. ఇంగ్లిష్ మందుల షాపులో కొనే సీసాకూ ఇదే మాట వర్తిస్తుంది.

రెండోది స్టెరాయిడ్. పేరు లేని పొట్లాల్లో డెక్సామెథసోన్ లాంటివి కలపడం దేశమంతా ఉన్న రోగమే. వేసుకున్న మర్నాటికే ఒళ్లు తేలికపడి, ఆకలి పెరిగి, ముఖం గుండ్రంగా నిండుతుంటే అనుమానించాలి. సికిల్ సెల్‌లో స్టెరాయిడ్ ఆపగానే నొప్పి మళ్లీ విరుచుకుపడటం డాక్టర్లు ఎరిగినదే. పొడి అయిపోయింది, నొప్పి తిరగబెట్టింది, అంటే పొడి పనిచేస్తోందనేగా అని ఇంకో పొట్లానికి వెళతారు. అమ్మేవాడికి ఇంతకన్నా మంచి వ్యాపారం లేదు.

మూడోది సీసం, పాదరసం. అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఒకటో రెండో బయటపడ్డాయని 2004లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక రాసింది. అవి డబ్బాల్లో వచ్చే సరుకు. పొట్లాలను పరీక్షించేవాళ్లెవరు?

పసిరికల పసరు గురించి కూడా ఒక మాట. సికిల్ సెల్ పిల్లల కళ్లు పచ్చగా ఉండటం మామూలు. పగిలిన ఎర్రకణాల రంగు అది, కాలేయం చెడినందువల్ల కాదు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కనిపిస్తుంది. దానికి పసరు పోస్తే వచ్చేదేమీ లేదు. కళ్లు పచ్చబడటంతో పాటు జ్వరం, కుడి డొక్కలో నొప్పి, మట్టి రంగు విరేచనం ఉంటే పిత్తాశయంలో రాయి ఉండొచ్చు. ఈ జబ్బులో రాళ్లు తరచూ పడతాయి. దానికి స్కానింగ్ కావాలి.

'నెగెటివ్ చేస్తాం' అన్నవాడి రిపోర్టు ఎలా చదవాలి

వీడియోల్లో ముందూ తర్వాతా అని రెండు రిపోర్టులు చూపిస్తారు. మోసమంతా అక్కడే ఉంటుంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

పల్లెలో శిబిరం పెట్టి చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. గొట్టంలో ద్రావణం మసకబారితే పాజిటివ్. ఈ పరీక్ష ఎస్ హిమోగ్లోబిన్ (కణాన్ని కొడవలిలా వంచే రకం) ఉందా లేదా అన్నంత వరకే చెబుతుంది. జబ్బు ఉన్న మనిషా (ఎస్ఎస్), వాహకుడా (ఏఎస్, అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే లోపం వచ్చి, జబ్బు లేనివాడు) అన్నది చెప్పదు. ఆరు నెలల్లోపు పసివాళ్లలో దీన్ని నమ్మడానికి లేదు. తేల్చేది హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరిసిస్, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్షలు. హెచ్‌పీఎల్‌సీ కాగితం మీద నాలుగు అంకెలు చూడాలి: ఏ (మామూలు రకం), ఏ2, ఎఫ్ (కడుపులో బిడ్డకు ఉండే రకం), ఎస్. వాహకుడిలో ఎస్ దాదాపు 30 నుంచి 40 శాతం, ఏ దానికన్నా ఎక్కువ. జబ్బు ఉన్న మనిషిలో ఎస్ పెద్ద అంకె, ఏ దాదాపు ఉండదు, మిగిలింది ఎక్కువగా ఎఫ్. మన దేశపు సికిల్ రకంలో ఈ ఎఫ్ ఆఫ్రికా రకాలకన్నా ఎక్కువ ఉంటుంది. ఎస్ ఎక్కువ, ఏ కొద్దిగా, ఏ2 పెరిగి కనిపిస్తే సికిల్-బీటా తలసేమియా కావచ్చు. అప్పుడు తల్లిదండ్రులకూ పరీక్ష చేయించాలి.

ఇప్పుడు మోసం చూడండి. ఎస్ 82 ఉన్న మనిషికి రెండు సీసాల రక్తం ఎక్కిస్తే దాత రక్తంలోని ఏ కలిసి ఎస్ శాతం బాగా పడిపోతుంది. ఆ తర్వాత తీసిన రిపోర్టు పక్కన పెట్టి 'మా మందుతో 82 నుంచి 45కి దిగింది' అంటే కాదనడం కష్టం. మూడు నెలల్లోపు రక్తం ఎక్కించి ఉంటే ఆ హెచ్‌పీఎల్‌సీకి విలువ లేదు. కాబట్టి ఎవరు ఏ రిపోర్టు చూపించినా ముందు అడగాల్సింది చివరిసారి రక్తం ఎక్కించిన తేదీ.

ఇంకో పద్ధతి దీనికన్నా సులువు. సాల్యుబిలిటీలో పాజిటివ్ వచ్చిన వాహకుడికి మందు అమ్మడం. వాహకుడికి మామూలుగా ఏ నొప్పీ రాదు, మందు వేసుకున్నా వేసుకోకపోయినా. ఏడాది తర్వాత అతనే వీడియోలో కూర్చుని 'ఒక్క దాడి కూడా రాలేదు' అంటాడు. అబద్ధం కాదు పాపం. వాహకుడికి కావాల్సింది మందు కాదు, పెళ్లి సంబంధం చూసేటప్పుడు అవతలివాళ్ల రిపోర్టు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బుతో బిడ్డ పుట్టే అవకాశం 25 శాతం. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక మిగతా ముగ్గురికి రాదన్న లెక్క తప్పు. ప్రతి కాన్పుకూ 25 శాతమే.

పుట్టుకతో వచ్చే జన్యు లోపం కాబట్టి పొడితో రక్తం రకం మారదు. జన్యు సంబంధ వ్యాధులను నయం చేస్తామని మందు మీద చెప్పుకోకూడదని డ్రగ్స్ నిబంధనల్లోని షెడ్యూల్ జె చెబుతోంది.

హైడ్రాక్సీయూరియా

నొప్పి దాడులు తగ్గించే మందుల్లో రుజువు అన్నిటికన్నా గట్టిది ఇదే. పాతది, చవకది కూడా. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్. ఇది ఒంట్లో ఎఫ్ హిమోగ్లోబిన్ పెంచుతుంది, ఎఫ్ ఉన్న కణం అంత తొందరగా కొడవలి ఆకారానికి వంగదు.

రుజువు సంగతి. అమెరికా, కెనడాల్లో 299 మంది పెద్దలను చీటీ వేసి రెండు గుంపులు చేశారు. ప్లాసిబో గుంపులో ఏడాదికి నొప్పి దాడులు 4.5 ఉంటే, మందు గుంపులో 2.5 (గుంపు మధ్యనున్న మనిషి లెక్క). ఊపిరితిత్తులకు వచ్చే అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ 51 మంది దగ్గర 25 మందికే వచ్చింది. రక్తం ఎక్కించాల్సి వచ్చింది 73 మంది దగ్గర 48 మందికి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ను 1995లో ముందే ఆపేశారు. పసిపిల్లల మీద 2011లో వచ్చిన ట్రయల్‌లో 193 మంది ఉన్నారు. అందులో ప్లీహాన్ని, మూత్రపిండాలను కాపాడుతుందా అన్న ప్రధాన ప్రశ్నకు అవునన్న జవాబు రాలేదు, ఆ మాట చెప్పుకోవాలి. నొప్పి దాడులు మాత్రం 375 దగ్గర 177కు, చేతులు కాళ్లు పొంగడం 123 దగ్గర 24కు తగ్గాయి.

అవన్నీ అమెరికా పిల్లలు, మనవాళ్లకు పనికొస్తుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మనకు దగ్గరిదే: నాగ్‌పూర్‌లో పిల్లల మీద ప్లాసిబోతో పోల్చి చేసిన ట్రయల్ 2012లో అచ్చయింది. అందులో వాడింది కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు మాత్రమే. ఆ చిన్న మోతాదుకే దాడులు బాగా తగ్గాయి. ఒడిశాలో బుర్లా మెడికల్ కాలేజీ వాళ్లు కూడా చిన్న మోతాదుతోనే మంచి ఫలితాలు చూశారు. చిన్న మోతాదులో తెల్లకణాలు పడిపోయే భయం తక్కువ, కాబట్టి ల్యాబ్ దూరంగా ఉన్న తాలూకాలకు ఇది అనువైన దారి. అయితే ఉగాండాలో పిల్లల మీద చేసి 2020లో ప్రచురించిన ట్రయల్‌లో, మోతాదును తట్టుకోగలిగినంత వరకు పెంచితే ఫలితం ఇంకా బాగుందని తేలింది. చిన్న మోతాదుతో దాడులు ఆగకపోతే 'మందు పనిచేయడం లేదు' అని మానేయడం కాదు, మోతాదు పెంచాలేమో డాక్టరును అడగాలి.

వాడే పద్ధతి. సాధారణంగా కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములతో డాక్టరు మొదలుపెడతారు. 50 కిలోల మనిషికి 10 చొప్పున రోజుకు ఒక క్యాప్సూల్. మొదలుపెట్టే ముందు సీబీసీ (రక్తకణాల లెక్క), కాలేయం, క్రియాటినిన్ (మూత్రపిండాలు) పరీక్షలు చేస్తారు. నెలకు మళ్లీ సీబీసీ, మోతాదు కుదిరాక రెండు మూడు నెలలకోసారి. న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 2,000 కన్నా, ప్లేట్‌లెట్లు 80,000 కన్నా తగ్గితే మందు కొన్నాళ్లు ఆపి, కోలుకున్నాక తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెడతారు. సీబీసీ కాగితంలో ఎంసీవీ (ఎర్రకణం సైజు) అన్న అంకె ఉంటుంది. మందు క్రమంగా వేసుకుంటుంటే అది నెలనెలా పైకి జరుగుతుంది. అది కదలకపోతే డబ్బా ఇంట్లో ఉంది కానీ కడుపులోకి పోవడం లేదని అర్థం. (ఎముక తొలుచుకుపోయే నొప్పి ఉన్నవాడు మందు మానేస్తాడా అనిపిస్తుంది. నొప్పి లేని నెలల్లోనే మానేస్తారు.)

ఎక్కడ తప్పుతుందంటే, ఈ మందు పని మొదలుపెట్టడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నెలన్నర వేసుకుని దాడి రాగానే మానేసి పొడి దగ్గరికి వెళ్లడం రోజూ జరిగేదే. ఆరు నెలలు ఆగితే తేలికపడి ఉండాల్సిన మనిషి, దాడి దానంతటదే దిగగానే ఆ పేరు పొడికి ఇస్తాడు. ఇది దాడి వచ్చాక వేసుకునే నొప్పి గోలి కాదు. దాడి ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి.

క్యాప్సూల్‌ను ఇంట్లో విప్పి పొడిని చెంచాతో పంచకూడదు. 15 కిలోల బిడ్డకు 10 చొప్పున కావాల్సింది 150 మిల్లీగ్రాములు, 500 క్యాప్సూల్‌లో కంటి అంచనాతో అంత తీయడం కుదరదు. పైగా ఆ పొడిని గర్భిణి తాకకూడదు, పీల్చకూడదు. చిన్నపిల్లలకు సిరప్ రూపం కోసం, లేదా సరైన మోతాదు ఎలా ఇవ్వాలో జిల్లా దవాఖాన ఫార్మసిస్టును అడగాలి.

గర్భంలో ఈ మందు వద్దు. బిడ్డ కావాలనుకునే ఆడవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడి ఆపాలి. మగవాళ్లలో వీర్యకణాలు తగ్గవచ్చు, వాళ్లూ చెప్పాలి. గోళ్లు నల్లబడతాయి, అది ప్రమాదం కాదు. 'క్యాన్సర్ మందు' అన్న భయం దాని పాత ఉద్యోగం వల్ల వచ్చింది. రక్త క్యాన్సర్‌లో వాడేవాళ్లు, ఇప్పుడూ వాడతారు. 1995 ట్రయల్‌లోని వాళ్లను తొమ్మిదేళ్లు గమనిస్తే మందు వాడినవాళ్లలో చావులు 40 శాతం తక్కువ. ఇది చీటీ వేసిన పోలిక కాదు, ట్రయల్ తర్వాత ఎవరికి కావాలంటే వాళ్లు వాడారు. కాబట్టి 40 అన్న అంకెను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. ఆయుష్షు తగ్గిస్తుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

మా జిల్లాలో మలేరియా ఎక్కువ కదా, తెల్లకణాలు తగ్గించే మందు మంచిదా? ఈ ప్రశ్న మీదే ఉగాండాలో చేసిన ప్లాసిబో ట్రయల్ 2017లో వచ్చింది. మలేరియా పెరగలేదు.

జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభించారు. హైడ్రాక్సీయూరియా ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగా ఇవ్వాల్సిన మందే. కొన్నిచోట్ల స్టాకు ఆగిపోతుంటుంది. రెండు వారాల గోలీలు ఇంకా మిగిలి ఉండగానే ఆశా తాయికి చెప్పి తెప్పించుకోవడం మేలు.

పక్క మందులు: జింక్, కందులు, ఫోలిక్ యాసిడ్

ప్రత్యామ్నాయం అనగానే కొట్టిపారేయక్కర్లేదని చెప్పడానికి జింక్ మంచి ఉదాహరణ. మన దేశంలోనే 145 మంది మీద చేసిన డబుల్ బ్లైండ్ (ఇచ్చేవాడికీ, వేసుకునేవాడికీ తెలియని) ట్రయల్ 1995లో వచ్చింది. ఏడాదిన్నరలో జింక్ సల్ఫేట్ గుంపులో దాడులు తగ్గాయి. ట్రయల్ పాతది, మనుషులు తక్కువ కాబట్టి దీన్ని హైడ్రాక్సీయూరియా పక్కన కూర్చోబెట్టలేం. కానీ చవక, ప్రమాదం తక్కువ, అడగదగిన మందు. కడుపులో తిప్పుతుంది కాబట్టి తిన్నాక వేసుకోవాలి. నెలల తరబడి ఎక్కువ మోతాదు వాడితే ఒంట్లో రాగి తగ్గుతుంది కాబట్టి డాక్టరుకు తెలియకుండా వద్దు.

మూలికల మీద కాక్రేన్ (ప్రపంచంలోని ట్రయల్స్‌ను ఒకచోట చేర్చి తూచే సంస్థ) సమీక్ష చేతికి దొరికినవి కొద్ది ట్రయల్సే. వాటిలో రెండు చెప్పుకోదగ్గవి. ఒకటి నిప్రిసాన్ అనే నైజీరియా మూలికల మందు. రెండోది చదివితే మనవాళ్లకు నవ్వొస్తుంది: కందులు! మన చేలల్లో పండే కందే. దాని సారంతో చేసిన సిక్లావిట్ అనే మందు నొప్పి దాడులను కొంత తగ్గించవచ్చని తేలింది. ఎఫ్ హిమోగ్లోబిన్ మాత్రం పెరగలేదు. ట్రయల్ చిన్నది, కాబట్టి 'కొంత, బహుశా' దగ్గరే ఆగాలి. అది సారం, పప్పు కాదు. రోజూ పప్పన్నం తింటే వచ్చే లాభం పప్పన్నం లాభమే. అయినా ఒక మూలిక మీద ప్రశ్న ఎలా అడగాలో ఆ రెండు ట్రయల్స్ చూపించాయి. పొట్లాల పొడి అమ్మేవాళ్లు ఆ పాటి పని కూడా చేయలేదు.

ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల గోలి అందరికీ ఇస్తారు. రుజువు బలహీనమే, హాని లేదు, వేసుకోవచ్చు.

కొత్త మందులు: వచ్చాయి, వెళ్లాయి

పేపర్లో 'సికిల్ సెల్‌కు కొత్త మందు' అని చూసి ఎక్కడ దొరుకుతుందని వెతికే కుటుంబాలు ఈ మూడింటి కథ తెలుసుకోవాలి.

ఎల్-గ్లుటమిన్: 2017లో అమెరికా అనుమతించింది. 230 మంది ట్రయల్‌లో 48 వారాల్లో దాడులు 4 నుంచి 3కు తగ్గాయి. తేడా ఉంది, కానీ చిన్నది. పైగా మందు గుంపులో మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువ. యూరప్‌లో కంపెనీయే దరఖాస్తు వెనక్కి తీసుకుంది. మన దగ్గర దీని పేరు చెప్పి జిమ్ కుర్రాళ్లు వాడే గ్లుటమిన్ డబ్బా అమ్ముతున్నారు. ట్రయల్‌లో మోతాదు కిలోకు 0.3 గ్రాములు, రోజుకు రెండుసార్లు. 50 కిలోల మనిషికి ఆ లెక్కన రోజుకు 30 గ్రాములవుతుంది. జిమ్ డబ్బా చెంచా లెక్కతో పోల్చుకుని, నెలకు ఎన్ని డబ్బాలవుతాయో మీరే లెక్కేయండి. ఆ డబ్బుతో ఏడాది పొడవునా సీబీసీలు చేయించుకోవచ్చు.

క్రిజాన్లిజుమాబ్: నెలకోసారి నరంలోకి ఎక్కించే ఇంజెక్షన్. 198 మంది ట్రయల్‌లో దాడులు 45 శాతం తగ్గాయని 2017లో వచ్చింది, అందరూ ఎగబడ్డారు. తర్వాత దానికన్నా పెద్ద ట్రయల్ చేస్తే ప్లాసిబోకూ దీనికీ తేడా లేదు. 2023లో యూరప్ అనుమతి రద్దు చేసింది. ఒక మంచి ట్రయల్ వచ్చినా రెండోదాని కోసం ఆగమనేది ఇందుకే.

వాక్సెలోటార్ కథ మాత్రం అందరూ చదవాలి. 274 మంది ట్రయల్‌లో పెద్ద మోతాదు గుంపులో 51 శాతం మందికి హిమోగ్లోబిన్ ఒక గ్రాముకు మించి పెరిగింది. ప్లాసిబోలో 7 శాతం మందికే. అంకె చూసి 2019 నవంబర్‌లో అమెరికా తొందర పద్ధతిలో అనుమతించింది. నొప్పి దాడులు తగ్గాయని ఆ ట్రయల్ నిరూపించలేదు. హిమోగ్లోబిన్ పెరిగితే నొప్పీ తగ్గుతుందిలే అని అందరూ అనుకున్నారు. 2024 సెప్టెంబర్ 25న ఫైజర్ కంపెనీయే ప్రపంచమంతటా దాన్ని వెనక్కి తీసుకుంది. తర్వాతి ట్రయల్స్‌లో మందు వేసుకున్నవాళ్లలో దాడులు, చావులు ఎక్కువగా కనిపించడమే కారణం. ఇంత డబ్బు, ఇన్ని ట్రయల్స్, ఇంత తనిఖీ ఉన్న మందుకే హిమోగ్లోబిన్ అంకె దారి తప్పించింది. 'మా పొడితో హెచ్‌బీ 7 నుంచి 9కి వచ్చింది' అనేవాడి మాటకు ఎంత విలువ ఇవ్వాలో దీన్ని బట్టి చూసుకోండి.

ఎముక మజ్జ మార్పిడి, జీన్ థెరపీ

జబ్బును వేళ్లతో సహా పెకిలించగలిగినవి ఈ రెండే. మజ్జ మార్పిడికి అన్నిటికన్నా మంచి దాత, హెచ్‌ఎల్‌ఏ (కణాల మీది గుర్తులు) పూర్తిగా కలిసిన సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఒక్కొక్కరితో కలిసే అవకాశం నాలుగింట ఒకటి. వాహకుడైన తోబుట్టువు కూడా దాత కావచ్చు, జబ్బు ఉన్నవాళ్లు పనికిరారు. అవయవాలు చెడకముందు, చిన్న వయసులో చేస్తే ఫలితం బాగుంటుంది. కాబట్టి తరచూ చెస్ట్ సిండ్రోమ్ లేదా పక్షవాతం వచ్చిన బిడ్డ విషయంలో 'పెద్దయ్యాక చూద్దాం' అనడం తప్పు. ముందు తోబుట్టువుల హెచ్‌ఎల్‌ఏ పరీక్ష గురించి అడగాలి.

జీన్ థెరపీలో కాస్జెవీ, లిఫ్జెనియా రెండింటినీ అమెరికా 2023 డిసెంబర్ 8న అనుమతించింది. కాస్జెవీ మనిషి సొంత మూలకణాలను బయటికి తీసి, బీసీఎల్11ఏ అనే జన్యువును క్రిస్పర్ (జన్యువును కత్తిరించే పద్ధతి)తో అణచి, ఎఫ్ హిమోగ్లోబిన్‌ను మళ్లీ తెరుస్తుంది. అనుమతి నాటికి లెక్కలోకి వచ్చిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన దాడి రాలేదు. ఇక్కడ ప్లాసిబో గుంపు లేదు. అయినా ఏడాదికి ఎన్నోసార్లు దవాఖాన పాలైన మనుషులు అలా ఆగిపోతే దాన్ని కాకతాళీయం అనలేం. తేడా అంత పెద్దదైతే పోలిక గుంపు లేకపోయినా రుజువు నిలబడుతుంది, ఇది అరుదు. అనుమతి నాటి ధర 22 లక్షల డాలర్లు. పాత మజ్జను చంపడానికి బుసల్ఫాన్ కీమో తప్పదు, దాంతో సంతానం కలగకపోవచ్చు. లిఫ్జెనియా ధర అప్పుడు 31 లక్షల డాలర్లు, దాని మీద రక్త క్యాన్సర్ హెచ్చరిక కూడా ఉంది. 'స్టెమ్ సెల్ ఇంజెక్షన్, ఒక్క రోజులో ఇంటికి' అని ప్రకటన కనిపిస్తే దీనికీ దానికీ చుట్టరికం లేదు. అసలు చికిత్సలో వారాల తరబడి వార్డులోనే ఉండాలి.

ట్రయల్ ఉందన్నవాణ్ని ఎలా తనిఖీ చేయాలి

మన దేశంలో ట్రయల్స్‌కు సీటీఆర్ఐ అనే రిజిస్టర్ ఉంది. 2007లో మొదలైంది, ఫోన్‌లో ఉచితంగా చూడొచ్చు. నంబర్ రూపం ఇలా ఉంటుంది: సీటీఆర్ఐ, వాలు గీత, ఏడాది, వాలు గీత, నెల, వాలు గీత, వరస సంఖ్య. అమ్మేవాణ్ని ఆ నంబర్ అడిగి వెతికే పెట్టెలో వేయాలి. తెరుచుకున్న పేజీలో నాలుగే చూస్తే చాలు. పోలిక గుంపు ఉందా, 'సింగిల్ ఆర్మ్' అని ఉందా? ప్రధాన ఫలితం నొప్పి దాడులా, హిమోగ్లోబిన్ అంకెనా? మనుషులు ఎంతమంది? ముగిసిన ట్రయల్ అయితే ఫలితం ఎక్కడైనా అచ్చయిందా? 2018 ఏప్రిల్ 1 నుంచి ట్రయల్ మొదలుపెట్టకముందే నమోదు చేయాలన్న నియమం ఉంది. కాబట్టి తర్వాతి ట్రయల్ అయి కూడా నంబర్ లేకపోతే పక్కన పెట్టేయొచ్చు. నంబర్ ఉండటం మాత్రం మందు పనిచేస్తుందన్న ముద్ర కాదు. ప్రశ్న అడిగారన్నంతే. కాక్రేన్ వెబ్‌సైట్‌లో ప్రతి సమీక్షకూ మామూలు మాటల్లో సారాంశం ఉచితంగా ఉంటుంది. ఇంగ్లిష్ చదివే పిల్లలుంటే చదివించుకోవచ్చు.

ఇంట్లో ఏ మందు ఉన్నా ఆగకూడనివి

జ్వరం 101 డిగ్రీలు దాటినా, ఛాతీలో నొప్పితో ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, కాలు చేయి పడిపోయినా, బిడ్డ ఎడమ డొక్క ఉబ్బి పాలిపోయినా, అంగం గంటల తరబడి గట్టిగా నొప్పితో ఉండిపోయినా పొడీ లేదు, గోలీ లేదు, ఏ బండి దొరికితే ఆ బండిలో దవాఖానకు. మామూలు దాడికి పారాసిటమాల్, ఎక్కువ నీళ్లు, వెచ్చటి కాపడం. మంచు ముక్కలు పెట్టకూడదు, చల్లదనానికి కణాలు ఇంకా బిగుసుకుంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ పదే పదే వేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

చివరగా, ఎవరూ ప్రకటన ఇవ్వని మందు ఒకటుంది: పెన్సిలిన్ వి గోలి. అమెరికాలో 215 మంది పిల్లల మీద చేసి 1986లో అచ్చయిన ట్రయల్‌లో, ప్లాసిబో గుంపులో 110 మందిలో 13 మందికి తీవ్రమైన న్యుమోకోకల్ (న్యుమోకోకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే) ఇన్ఫెక్షన్ వచ్చింది, పెన్సిలిన్ గుంపులో 105 మందిలో ఇద్దరికే. ప్లాసిబో గుంపులో ముగ్గురు చనిపోయారు, పెన్సిలిన్ గుంపులో ఒక్కరూ లేరు. మూడేళ్లలోపు బిడ్డకు 125 మిల్లీగ్రాములు, మూడు నుంచి ఐదేళ్ల వరకు 250, రోజుకు రెండుసార్లు, ఒక్క పూట కూడా తప్పకుండా. పెన్సిలిన్ పడని బిడ్డకు వేరే మందు ఇస్తారు. న్యుమోకోకల్ టీకా వేశారు కదా అని గోలి మానకూడదు. ఐదేళ్లు నిండాక ఆపాలా, కొనసాగించాలా అన్నది ప్లీహం తీసేశారా, ఇంతకుముందు న్యుమోకోకల్ జబ్బు వచ్చిందా అన్నదాన్ని బట్టి డాక్టరు చెబుతారు.